తొలి తూకం

మా చెల్లెలు రాజీకి అత్తగారైన సమ్మక్క మంచి మనిషి. మా దరిద్రమంతా అక్కడే ఉంది. చెడ్డదైతే నేను ఎప్పుడో పోట్లాడి నెగ్గేదాన్ని. నా నోటికి జనగామలో పేరుంది. బస్టాండు వెనక నా కుట్టుమిషను దుకాణానికి, జాకెట్టు ఎందుకు ఆలస్యమైందని అడగడానికి వచ్చే ఆడవాళ్లు కూడా ఇద్దరిద్దరు కలిసి వస్తారు. కానీ మనవరాలు అన్నం తినలేదని తానూ పస్తు పడుకునే ముసలామెతో ఏమని పోట్లాడాలి?

ఆ మనవరాలే కీర్తి. రాజీకి, మా మరిది శ్యాంకు ఒక్కగానొక్క కూతురు. గుండెలో రంధ్రంతో పుట్టింది. ఐదేళ్లు వచ్చినా మూడేళ్ల పిల్లలాగే ఉండేది. నేను ఎంత కొలిచి కుట్టినా గౌను భుజాల మీద నుంచి జారిపోయేది. జఫర్‌గఢ్ దగ్గర వాళ్ల ఊళ్లో రాజీ వాకిట్లోకి వస్తే చాలు, పిల్లకు తిండి పెడుతున్నావా లేదా అని అడిగేవాళ్లు. పెట్టేది పాపం. నాలుగు ముద్దలు తినేసరికి పిల్లకు చెమటలు పట్టి, అలసిపోయి, తల్లి ఒళ్లో వాలిపోయేది. బొద్దుగా ఉన్న పిల్ల ఎవరిది కనబడినా రాజీ మొహం తిప్పుకునేది.

సమ్మక్క మాత్రం కోడల్ని ఒక్క మాట అనలేదు. పిల్లను చంకనేసుకుని పొలం గట్ల మీద తిప్పుతూ, కొంగల్ని చూపిస్తూ, ఒక్కో ముద్దా నోట్లో పెట్టేది. ఇంత పిల్లను ఇంకా చంకనేసుకుని తిరుగుతావా అని ఎవరైనా అంటే, "బరువుంటెగదా దింపేది" అనేది.

ఆపరేషన్ హైదరాబాదులో అన్నారు. మేకలను, ఇంటిని చూసుకోవడానికి సమ్మక్క ఊళ్లోనే ఉండిపోయింది. బయలుదేరే పొద్దున పిల్ల నుదుట పసుపు పెట్టి, మేడారం దిక్కు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. ఆమె పుట్టిల్లు భూపాలపల్లి వైపు. పేరే ఆ సమ్మక్క తల్లిది.

"నా బిడ్డ పానంతోటి ఇంటికొస్తే, బిడ్డెత్తు బంగారం ఇచ్చుకుంట తల్లీ" అంది.

మా వైపు మేడారం తల్లులకు బెల్లమే బంగారం. మొక్కిన మనిషిని కాంటాలో ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో అంత బరువు బెల్లం పెడతారు. ఆ బెల్లాన్ని తీసుకుపోయి గద్దెల దగ్గర తల్లికి ఇస్తారు. నేనూ చిన్నప్పుడు అలా తూగినదాన్నే. అప్పుడు మా బాపు, ఇది ఇంకా రెండేళ్లు ముందు జబ్బు పడితే నాకు బెల్లం కలిసొచ్చేదని నవ్వాడు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మరునాడు అద్దంలోంచి చూపించారు. నాకైతే ఎవరి పిల్లనో చూపిస్తున్నారనిపించింది. కళ్లు వాచి మూసుకుపోయాయి, చెంపలు ఉబ్బిపోయాయి, వేళ్ల మధ్య సందు కూడా కనబడలేదు. రాజీ నా చెయ్యి పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది.

మనీషా అని ఒక నర్సు ఉండేది, మహబూబాబాద్ పిల్ల. మన మాట మాట్లాడే మనిషి దొరికినందుకే నాకు సగం ధైర్యం వచ్చింది. ఆ అమ్మాయి రాజీని లేపి బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఆపరేషన్ జేసేటప్పుడు గుండెను ఆపుతరక్కా. అంతసేపు రక్తాన్ని మిషన్ తిప్పుతది. మిషన్లకు పోయొచ్చిన రక్తంతోటి చిన్న పిల్లల ఒళ్లంత నీరు పడుతది. మూత్రం మంచిగొస్తే ఆ నీరు పోతది. కీర్తికి మూత్రం వస్తలేదు. ఆ నీరు పోయి ఊపిరితిత్తుల మీద, గుండె మీద కూసుంటది. అది తియ్యాలె. ఇప్పుడు అదే పని."

బొడ్డు పక్కన సన్నని గొట్టం వేశారు. అందులోంచి కడుపులోకి మందునీళ్లు పంపి, కాసేపు ఆపి, ఒంట్లో ఉన్న నీటితో కలిపి బయటికి తీసేవాళ్లు. ఆ నీళ్లు మంచం కింద ఒక సంచిలో పడేవి. రోజుకు కాసేపు లోపలికి రానిచ్చేవాళ్లు. రాజీ వెళ్లగానే పిల్ల మొహం కంటే ముందు ఆ సంచి చూసేది. నిండితే బయటికి వచ్చి నాకు వేళ్లతో చూపించేది, ఇంత వచ్చిందక్కా అని. దేవుళ్లందర్నీ మరిచిపోయి నా చెల్లెలు ప్లాస్టిక్ సంచికి మొక్కింది.

ఊపిరి కోసం గొంతులో వేసిన గొట్టం తీశాక పిల్ల అడిగిన మొదటి మాట నీళ్లు. ఇవ్వకూడదు. మనీషా దూదిని తడిపి పెదాలకు అద్దేది. పిల్ల ఆ దూదిని పళ్లతో పట్టుకుని వదిలేది కాదు. "పెద్దమ్మా, నువ్వన్న ఇయ్యి" అని నన్ను అడిగితే, నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అంతవరకు నేను ఏడవడం శ్యాం చూడలేదు కాబోలు, టీ తెచ్చి పక్కన పెట్టి దూరంగా పోయి నిలబడ్డాడు.

రోజూ మంచంతో సహా తూచేవాళ్లు. బరువు తగ్గుతూ వచ్చింది. పిల్ల ఒళ్లు చెయ్యాలని ఐదేళ్లు కొట్టుకున్న తల్లి, పిల్ల బరువు తగ్గిందని సంబరపడటం నేను అక్కడే చూశాను. చివరికి మా పాత కీర్తి బయటపడింది. అవే పుల్లల్లాంటి చేతులు, అదే కోలమొహం. పన్నెండున్నర కిలోలు.

ఇంటికి పంపేరోజు మనీషా రాజీని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "రోజూ పొద్దుగాల లేవంగనే మూత్రానికి పోయించి తూయాలె. సిరప్ మరువొద్దు. నీళ్లు మేము చెప్పినన్నే. మళ్లా నీరు పట్టొచ్చు, గుండె సుట్టు జమ కావొచ్చు. ఒక్కపాలి అర కిలో పెరిగిందంటే మంచిగ తింటుందని మురువకుండ్రి. తిండితోటి గట్ల పెరగరు. ఉన్నపళంగ తీస్కొని రండి."

శ్యాం దారిలోనే బరువు చూసే మిషను కొన్నాడు. అద్దం బిళ్లలా ఉండే రకం, కాళ్లు పెడితే అంకెలు కనబడతాయి.

ఇంటి దగ్గర సమ్మక్క గడపలోనే పిల్లకు దిష్టి తీసి ఎత్తుకుంది. ఎత్తుకుని పిల్ల మెడలో మొహం పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత శ్యాం చేతిలో ఉన్న డబ్బా చూసి ఏందది అని అడిగింది. చెప్పాడు. ఆమె పిల్లను దించకుండానే ఆ డబ్బాను ఒక చేత్తో తీసుకుని అటక మీద పెట్టింది.

"తొలి తూకం తల్లిది" అంది.

నేను అక్కడే ఉన్నాను. ఊరుకోలేదు. "అత్తమ్మా, డాక్టరు రోజు తూయమన్నడు" అన్నాను.

"తూద్దాం బిడ్డా. మొక్కు తీరినంక రోజుకు పదిసార్లు తూద్దాం. మొక్కిన పిల్లను మొక్కు తీరకముందు తూస్తే, తల్లికి ఇచ్చే బరువుల మనం చెయ్యి పెట్టినట్టు."

"దవాఖానల రోజు తూసిండ్రు గదా. అప్పుడేం గాలేదు గదా."

"అప్పుడు పిల్ల ఇంకా ఇంటికి రాలే. ఇంటికొస్తె ఇస్తనని మొక్కిన. వచ్చింది. ఇగ తొలి తూకం తల్లిది. మేడారం జాతర ఎంత దూరముందని? వచ్చే బుధవారం తూకం పెడుదం. నాలుగొద్దులు ఆగలేమా కల్యాణీ?"

గట్టిగా మాట్లాడిందా అంటే లేదు. బతిమాలింది. నేను రాజీ వైపు చూశాను. రాజీ తల వంచుకుంది. ఎందుకు ఒప్పుకుందని ఆ తర్వాత నన్ను చాలామంది అడిగారు, చదువుకున్నవాళ్లు కూడా. వాళ్లెవరూ అద్దానికి అవతల పిల్లను పెట్టుకుని, ఇవతల కనబడిన దేవుడికల్లా చేతులు జోడించినవాళ్లు కారు. అలా ఒక్కసారి మొక్కాక, ఏ తల్లికి కోపం వస్తే ఎవరు పోతారో అన్న భయం మనిషిని వదలదు. అడిగినవాళ్లందరికీ నేను ఇదే చెప్పి పంపాను.

పిల్ల బుగ్గలు నిండుతూ వచ్చాయి. ఊరంతా వచ్చి చూసింది. ఇప్పుడు పిల్ల పిల్ల లెక్కనే ఉంది అన్నారు. నువ్వు తిండి పెట్టవనుకున్నం గానీ పిల్ల గుండెల్నే ఉండె దోషం అని ఒకామె రాజీ చెయ్యి పట్టుకుంది. ఐదేళ్లలో మొదటిసారి నా చెల్లెలు వాకిట్లో తలెత్తుకుని నిలబడింది. అందుకు నేను దాన్ని తప్పు పట్టను.

పిల్ల పెద్దగా తినడం లేదు. రాత్రిళ్లు పడుకోబెడితే ఏడ్చేది, కూర్చోబెడితే ఊరుకునేది. సమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుని, పిల్లను భుజానికి వేసుకుని తెల్లవార్లూ అలాగే నిద్రపుచ్చేది. ఇన్నాళ్లు దూరమైంది, నన్ను వదుల్తలేదు అని మురిసిపోయేది. మంగళవారం రాజీ ఫోన్ చేసింది. "అక్కా, సిరప్ పోస్తున్నగాని మూత్రం తక్కువొస్తుంది. ఒక్కసారి మిషన్ దించి చూడాల్నా?" అంది. చూడు, ఎవరికీ చెప్పకు అన్నాను. "రేపే గదక్కా తూకం" అని పెట్టేసింది.

బుధవారం పొద్దున జనగామలో రామ్మోహన్ సేటు దుకాణం ముందు జనం. జాతర నెలలో అతనికి ఊపిరాడదు. మిగతా రోజుల్లో కరెంటు కాంటా మీదే తూస్తాడు గానీ, మొక్కుల కోసం తాతలనాటి పెద్ద కాంటాను దూలానికి గొలుసులతో వేలాడదీస్తాడు. మీట నొక్కితే చూపించే బరువును తల్లి ఒప్పుకోదని మావాళ్ల నమ్మకం. ఆ కాంటాకు కుంకుమ బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టి ఉంది. ఒక పక్క డప్పు వాయిస్తున్నారు.

నేను కీర్తికి పసుపుపచ్చ గౌను కుట్టి ఉంచాను. ఇంటికి వచ్చినరోజు కొలత తీసుకుని, ఎదుగుతుందని రెండు వేళ్లు వదులు పెట్టి మరీ కుట్టాను. శ్యాం ఆటోలోంచి దిగగానే దుకాణం వెనక తొడిగాను. వీపు దగ్గర గుండీలు కలవలేదు. బట్ట కత్తిరించడంలో పొరపాటు పడ్డానేమో అనుకుని, పిన్నీసు పెట్టి, పైన కండువా కప్పాను. పిల్ల చెయ్యి చల్లగా ఉంది. జనవరి చలి కదా అనుకున్నాను.

"బిడ్డ బరువు శ్యాం ముందే చెప్పిండు. సరిగ్గ పన్నెండున్నర తీసి గంపల పెట్టిన. సమ్మక్కా, నీ కోసం మంచి బెల్లం" అన్నాడు సేటు.

"బరువు నోటితోని చెప్పకు సేటూ, దిష్టి" అంది సమ్మక్క. అంటూనే పిల్లను చంకలోంచి దించబోయి, నడుం పట్టుకుని నవ్వింది. "చూసినవా, నా బిడ్డ నా నడుం ఇరగ్గొడుతుంది. ఇగ దింపుత, నడిపిస్త."

పిల్లను పళ్లెంలో పరిచిన ఎర్రగుడ్డ మీద కూర్చోబెట్టారు. సేటు గంపలో ఉన్న బెల్లం ముద్దలన్నీ రెండో పళ్లెంలో పెట్టాడు. డప్పు గట్టిగా మోగింది. కాంటా కదల్లేదు. పిల్ల కూర్చున్న పళ్లెం అలాగే నేలకు ఆనుకుని ఉంది.

"ఓహో" అన్నాడు సేటు. ఇంకొక ముద్ద పెట్టాడు. కదల్లేదు. మరొకటి. చుట్టూ ఆడవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. సమ్మక్క మొహం చూడాలి అప్పుడు. అంత సంతోషం నేను ఏ మనిషి మొహంలోనూ చూడలేదు. "ఏసుకో సేటూ, ఏసుకో. నా బిడ్డ ఒళ్లు జేసింది. తల్లికి ఎంతొస్తె అంత" అని తానే ముద్దలు అందించడం మొదలుపెట్టింది. ఒక ముద్ద, దాని మీద ఇంకో ముద్ద. పళ్లెం అప్పుడు కొంచెం లేచింది.

నేను రాజీని చూశాను. రాజీ పెదాలు కదులుతున్నాయి. పెట్టిన ప్రతి ముద్దనూ లెక్కపెడుతోంది. నాకు అప్పుడే అర్థమైంది. ఆ చల్లని చెయ్యి, కలవని గుండీలు, మంచం కింద సంచి, అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. నేను నోరు తెరిచేలోగా రాజీ జనాన్ని తోసుకుని పోయి పిల్లను ఎత్తేసింది.

బెల్లం పళ్లెం ధడేలున నేలకు కొట్టుకుంది. డప్పు ఆగిపోయింది.

"సమానం గాలేదు. తూకం మధ్యల దించొద్దు బిడ్డా, కూసోబెట్టు" అని సమ్మక్క కోడలి చెయ్యి పట్టుకుంది.

"అది నా బిడ్డ బరువు గాదత్తమ్మా" అంది రాజీ. గొంతు పెంచలేదు. "నీళ్లు."

జనగామ దవాఖానలో డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, వెంటనే అంబులెన్సు పిలిపించాడు. ఈసారి సమ్మక్క కూడా వచ్చింది. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. దారి పొడవునా పిల్ల మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంది. ఘట్‌కేసర్ దాటాక మాస్కు పక్కకు లాగి, "బాపమ్మా, తూకం అయిందా?" అని అడిగింది. అయింది బిడ్డా అంది సమ్మక్క. ఆ తర్వాత పిల్ల మాట్లాడలేదు.

గుండె చుట్టూ నీరు చేరి గుండెను కొట్టుకోనివ్వడం లేదన్నారు. ఊపిరితిత్తుల చుట్టూ కూడా. సూది వేసి తీశారు. మనీషానే ఆ సీసాను బయటికి తెచ్చింది. ఎర్రగా, పల్చగా ఉన్నాయి నీళ్లు. సమ్మక్క అడ్డంగా నిలబడి ఆ సీసాను చూసింది.

"ఇవన్ని నా బిడ్డయేనా?" అంది.

"ఇంకా ఉన్నయవ్వా లోపల."

సమ్మక్క రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి, పొద్దున బెల్లం ముద్దలు అందించినట్టే. ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు చూసుకుంది.

పెద్ద డాక్టరు వచ్చి రాజీని ఒక్కటే అడిగాడు. "రోజూ తూచారా అమ్మా?"

రాజీ నేల చూపులు చూసింది. శ్యాం గోడ వైపు తిరిగాడు. నేను, జనగామంతా భయపడే నోరున్న నేను, కొంగు సర్దుకున్నాను.

"నేనే వద్దన్న సారూ" అంది సమ్మక్క. "ఆ పిల్లనేం అనకుండ్రి. తూకం మిషన్ అటక మీద పెట్టింది నేను."

డాక్టరు ఆమెను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. బొడ్డు పక్కన మళ్లీ గొట్టం వేశారు, మళ్లీ మంచం కింద సంచి కట్టారు. రాజీ మళ్లీ ఆ సంచి ముందు నిలబడింది. ఈసారి అది నిండలేదు. మూడో రోజు మధ్యాహ్నం కీర్తి పోయింది. మనీషా చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటూ మా ఎదురుగా రాలేక అవతలి గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

పిల్లను ఊరికి తెచ్చి పొలం చివర పూడ్చారు. ఆ పసుపుపచ్చ గౌనే తొడిగారు, వీపు దగ్గర నేను విప్పి వదులు చేశాక.

రాజీ అత్తగారిని ఒక్క మాట అనలేదు. అంటుందని ఊరంతా ఎదురుచూసింది. నేనూ చూశాను, నిజం చెప్పాలంటే అనాలనే కోరుకున్నాను. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర మసులుకుంటూ, గిన్నెల చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేకుండా ఉన్నారు. సమ్మక్క అన్నం కంచం ముందు పెట్టుకుని, కలిపి, అలాగే కుక్కకు వేసేది.

మైల తీరేసరికి జాతర ఎప్పుడో అయిపోయింది. రామ్మోహన్ సేటు నా దుకాణానికి కబురు పంపాడు. ఆ బెల్లం గంపలోనే ఉంది, అమ్మడానికి చేతులు రావట్లేదు, పారెయ్యలేను, ఏం చెయ్యమంటారు అని. ఆ మాట రాజీకి చెబితే చీర మార్చుకుని వచ్చింది. వెనక సమ్మక్క, శ్యాం కూడా వచ్చారు.

"ఇగ మొక్కేంది బిడ్డా. ఎవలికోసమని?" అంది సమ్మక్క.

"పానంతోటి ఇంటికొస్తే ఇస్తనని మొక్కినవ్ గదత్తమ్మా. వచ్చింది. తల్లి మాట తప్పలే. మనం తప్పొద్దు."

దుకాణంలో సేటు గంపను బయటికి తెచ్చి పెట్టాడు. ఆ రోజు పళ్లెంలోంచి తీసినవన్నీ అందులోనే ఉన్నాయి. రాజీ కింద కూర్చుని, పైన ఉన్న ముద్దల్ని ఒక్కొక్కటే తీసి సేటు ముందు పెట్టింది. ఆ రోజు తర్వాత వేసినవి ఎన్నో దానికి గుర్తుంది.

"ఇవి తీసుకో సేటూ. ఇవి మా కీర్తియి గావు" అంది.

మిగిలినవి తెల్లగుడ్డలో మూట కట్టింది. ములుగు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో మేడారం పోయాం. జనం లేని మేడారాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. తడికలు పీకేసి ఉన్నాయి, వాగు ఒడ్డున కోడి ఈకలు గాలికి లేస్తున్నాయి. శ్యాం మూటను దించి భుజానికి ఎత్తుకోబోయాడు. రాజీ అతని చేతుల్లోంచి తీసుకుని సమ్మక్క దగ్గరికి నడిచింది.

"ఎత్తుకో అత్తమ్మా" అంది. "నీకు అలవాటైన బరువే."

అది శిక్షో, దయో నాకు ఇప్పటికీ తెలియదు. సమ్మక్క ఆ మూటను తీసుకుని తలకెత్తుకోలేదు. ఎడమ చంకన వేసుకుని, కింద పడకుండా చెయ్యి చుట్టి పట్టుకుంది. గద్దెల దాకా ఎర్రటి మట్టిదారి. సగం దూరం పోయేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది, కాళ్లు తడబడ్డాయి. శ్యాం వెనక నుంచి పోయి, "అవ్వా, జరసేపు దింపరాదు" అన్నాడు.

"బరువుంటెగదా దింపేది" అంది సమ్మక్క, వెనక్కి తిరగకుండానే.